వీధి రంగు మారే ముందు ఒక నెల గడువు

నగరాభివృద్ధి పటంలో ప్రతి వీధికీ ఒక రంగు ఉంటుంది. నివాస ప్రాంతం సాధారణంగా పసుపు రంగులోనూ, వాణిజ్య ప్రాంతం నీలి రంగులోనూ, పరిశ్రమల ప్రాంతం ఊదా రంగులోనూ కనిపిస్తాయి. ఇంటి గుమ్మంలో నిలబడి చూసేవారికి ఆ రంగు కనబడదు. అయినప్పటికీ పక్కనున్న ఖాళీ స్థలంలో రేపు మరొక ఇల్లు లేస్తుందా, పెళ్లిమండపం లేస్తుందా, గోదాము లేస్తుందా అనే విషయాన్ని చాలావరకు ఆ రంగే నిర్ణయిస్తుంది. ఆ రంగును మార్చమని ఒక స్థల యజమాని దరఖాస్తు చేసుకున్నప్పుడు పురపాలక సంఘం దానిని ఎలా పరిశీలిస్తుందో, అందులో ఇరుగుపొరుగు వారి పాత్ర ఏమిటో తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మహారాష్ట్ర నగరాలలో స్థిరపడిన తెలుగువారికి ఈ విషయం కొత్తది కాకపోయినా, దాని విధివిధానాలు చాలామందికి దూరంగానే ఉండిపోయాయి. షోలాపూర్, భివండి వంటి ఊళ్లలో నేత పనిమీద తరతరాల క్రితం వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కింద మగ్గాలు, పైన సంసారం అన్న తీరులో కట్టుకున్న ఇళ్లు వారి పేటలలో నేటికీ కనిపిస్తాయి. పని, నివాసం ఒకే గోడల మధ్య సాగిన అటువంటి చోట నివాస ప్రాంతమేది, వాణిజ్య ప్రాంతమేది అన్న ప్రశ్న ఎవరికీ పెద్దగా తట్టలేదు. మగ్గాలు ఆగిన స్థలాల ధర పెరిగి, వాటిని మరొక పనికి వాడుకోవాలనే ఆలోచన వచ్చినప్పుడే ఆ ప్రశ్న ఎదురవుతోంది.

ప్రణాళిక అంటే ఏమిటి

మహారాష్ట్ర ప్రాంతీయ, నగర రచనా చట్టం 1966లో చేయబడింది. దాని ప్రకారం ప్రతి నగరపాలక సంస్థ, ప్రతి పురపాలక సంఘం తన పరిధికి ఒక అభివృద్ధి ప్రణాళికను సిద్ధం చేయాలి. మరాఠీలో దీనిని 'వికాస్ యోజనా' అనీ, 'వికాస్ ఆరాఖడా' అనీ అంటారు. ఏ భూమి నివాసానికి, ఏది వ్యాపారానికి, ఏది పరిశ్రమకు, ఏది సాగుకు అన్న విభజన అందులో ఉంటుంది. బడులు, మార్కెట్లు, ఆటస్థలాలు, ఉద్యానవనాలు, రోడ్లు మొదలైన ప్రజావసరాల కోసం కేటాయించిన స్థలాలు కూడా అందులోనే ఉంటాయి. ఈ కేటాయింపును మరాఠీలో 'ఆరక్షణ్' అంటారు. ఉద్యోగాలలోని రిజర్వేషన్లకూ ఇదే మాట వాడుతారు గనుక నోటీసులో ఈ పదం చూసి పొరబడకూడదు. నగర రచన సందర్భంలో దానికి ప్రజావసరానికై పక్కన పెట్టిన భూమి అని అర్థం.

ఒకసారి రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం పొంది అమలులోకి వచ్చిన ప్రణాళికను 20 ఏళ్లలో కనీసం ఒకసారి పునఃపరిశీలించాలని చట్టం చెబుతుంది. ఆ మధ్యకాలంలో ఏదైనా ఒక స్థలం విషయంలో మార్పు అవసరమైతే, దానికి 37వ సెక్షన్ ఒక మార్గం చూపుతుంది. మరాఠీ నోటీసులలో ఇది 'కలమ్ 37' అనీ, మార్పు 'ఫేర్‌బదల్' అనీ కనిపిస్తాయి. నివాస ప్రాంతంలోని ఒక స్థలాన్ని వాణిజ్య ప్రాంతంగా మార్చమని వచ్చే అభ్యర్థన సాధారణంగా ఈ దారిలోనే నడుస్తుంది.

అయితే ప్రతి చిన్న వ్యాపారానికీ రంగు మార్చనక్కరలేదు. నివాస ప్రాంతంలో కూడా కొన్ని రకాల దుకాణాలను, వైద్యుల గదులను, ఇంట్లో చేసుకునే చిన్న పనులను నియమాలు అనుమతిస్తాయి. 2020 డిసెంబరులో రాష్ట్రంలోని అత్యధిక నగరాలకు వర్తించేలా వచ్చిన ఏకీకృత అభివృద్ధి నియంత్రణ నియమావళిలో ఈ వివరాలు ఉన్నాయి. ఎదుట ఉన్న రోడ్డు వెడల్పును బట్టి ఏ వినియోగానికి అనుమతి ఉందో మారుతుంది. కనుక దరఖాస్తుకు ముందు నగర రచనా విభాగంలో విచారించడం వల్ల కాలమూ ధనమూ కలిసివస్తాయి.

ఒక వీధి ఉదాహరణ

ఊహకు ఒక వీధిని తీసుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది. ఆ వీధి వెడల్పు 6 మీటర్లు. ఇరువైపులా 40 ఇళ్లు. మధ్యలో ఒక నేత కుటుంబానికి చెందిన పెద్ద స్థలం ఉంది. మరమగ్గాలు ఆగిపోయాయి. ఇద్దరు కొడుకులకు జీవనోపాధి కావాలి. ఆ స్థలంలో పెళ్లిళ్లకు 'మంగళ్ కార్యాలయ్' కట్టాలని యజమాని సంకల్పించి, స్థలాన్ని 'రహివాస్ విభాగ్' నుండి 'వాణిజ్య విభాగ్'లోకి మార్చమని దరఖాస్తు చేశాడు. ఎదురింటి కింది భాగంలో ఒక తెలుగు కుటుంబం అద్దెకు ఉంటోంది. ఆ ఇంటి ఇల్లాలు అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతుంది. పిల్లలు ఆ వీధిలోనే నడిచి బడికి వెళ్తారు.

ఇక్కడ దుర్మార్గులు ఎవరూ లేరు. యజమాని కోరిక న్యాయమైనదే. అతనికి ఉపాధి కావాలి, తన స్థలాన్ని ఉపయోగించుకోవాలన్న ఆశ ఉంది. ఎదురింటివారి ఆందోళన కూడా న్యాయమైనదే. పెళ్లి ముహూర్తాల రోజుల్లో వందల వాహనాలు 6 మీటర్ల వీధిలోకి వస్తే అంబులెన్సు ఎటు పోవాలి, మురుగు ఎటు పారాలి, రాత్రివేళ బాజాల మధ్య పిల్లలు ఎలా చదువుకోవాలి? ఈ రెండు న్యాయాల మధ్య తూకం వేయడమే పాలకమండలి పని.

దరఖాస్తు నడిచే దారి

మొదట దరఖాస్తు నగర రచనా విభాగానికి చేరుతుంది. స్థలం పత్రాలు, సిటీ సర్వే నంబరు, ప్రణాళికా పటంలో ఆ స్థలం ఉన్న భాగం, రోడ్డు వెడల్పు, చుట్టుపక్కల వినియోగం మొదలైనవాటిని అధికారులు పరిశీలిస్తారు. ఆ తరువాత ప్రతిపాదన సర్వసభ్య సమావేశం ముందుకు వస్తుంది. మరాఠీలో ఇది 'సర్వసాధారణ్ సభా'. అందులో ప్రజలు ఎన్నుకున్న సభ్యులు, అంటే నగర్ సేవకులు, చర్చించి తీర్మానం చేస్తారు. ఆ తీర్మానమే 'ఠరావ్'. పాలకమండలి పదవీకాలం ముగిసి ఎన్నికలు జరగని సమయంలో ఆ అధికారాన్ని ప్రభుత్వం నియమించిన పరిపాలకుడు వినియోగిస్తాడు. అధికారం ఎవరి చేతిలో ఉన్నా తరువాతి మెట్లు మారవు.

మార్పు కోరడం దరఖాస్తుదారు హక్కు కావచ్చు గాని, మార్పు పొందడం అతని హక్కు కాదు. సంస్థ మార్పును ప్రతిపాదించవచ్చు అని మాత్రమే చట్టం అంటుంది. పైగా ఆ మార్పు మొత్తం అభివృద్ధి ప్రణాళిక స్వరూపాన్నే మార్చేసేది కాకూడదన్న షరతు కూడా 37వ సెక్షన్‌లోనే ఉంది.

మార్పును ప్రతిపాదించాలని నిర్ణయించిన తరువాత సంస్థ ప్రభుత్వ గెజిట్‌లోనూ, తాను నిర్ణయించిన ఇతర పద్ధతులలోనూ ఒక నోటీసు ప్రచురించాలి. స్థానిక దినపత్రికలలో వచ్చే 'జాహీర్ సూచనా' లేదా 'జాహీర్ నోటీస్' ఇటువంటిదే. నోటీసు తేదీ నుండి ఒక నెలలోగా అభ్యంతరాలు, సలహాలు పంపవచ్చని అందులో ఉంటుంది. మరాఠీ మాట 'హర్కతీ వ సూచనా'. ఈ మార్పు వల్ల ప్రభావితులయ్యే వ్యక్తులకు సంస్థ నోటీసు ఇవ్వాలనీ, వారి వాదన వినాలనీ కూడా చట్టం ఆదేశిస్తుంది.

విచారణ ముగిసిన తరువాత, అవసరమైతే సవరణలతో, ప్రతిపాదన రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్తుంది. ప్రభుత్వం తగిన విచారణ జరిపి, నగర రచనా సంచాలకుని సంప్రదించి, ప్రతిపాదనను యథాతథంగానో, మార్పులతోనో, షరతులతోనో ఆమోదించవచ్చు. నిరాకరించనూ వచ్చు. ఆమోదం గెజిట్‌లో వెలువడిన తరువాతనే పటంలో రంగు మారినట్లు లెక్క.

ఆ ఒక నెల ఎవరిది

ఈ మొత్తం ప్రయాణంలో సామాన్య పౌరుని మాటకు చట్టం ప్రత్యేకంగా కేటాయించిన స్థానం ఆ ఒక నెల. అభ్యంతరం చెప్పగలవారిని చట్టం 'ఏ వ్యక్తి అయినా' అన్న అర్థంలోనే పేర్కొంటుంది. ఇల్లు సొంతమై ఉండాలన్న నిబంధన లేదు. ఆ ఊరి ఓటరు జాబితాలో పేరు ఉండాలన్న నిబంధన లేదు. పుట్టిన ఊరు ఏదైనా, ఇంట్లో మాట్లాడే భాష ఏదైనా అడ్డు కాదు. ఉదాహరణలోని ఎదురింటి ఇల్లాలు అద్దెకు ఉంటున్నా, బీడీల కూలీతో బతుకుతున్నా, ఆ వీధి గురించి ఆమె చెప్పే మాట దస్త్రంలో చేరవలసిందే.

అయితే నోటీసు మరాఠీలో వస్తుంది. చదవడం రానివారికి అది పత్రికలో ఒక చిన్న ప్రకటనగానే మిగిలిపోతుంది. గడువు నోటీసు తేదీ నుండి లెక్కకు వస్తుంది, చూసిన రోజు నుండి కాదు. పునాదులు తవ్వడం చూసి కదిలేసరికి ఆ నెల ఎన్నడో గడిచిపోయి ఉంటుంది. వలస వచ్చిన కుటుంబాలకు జరిగే నష్టం చాలావరకు ఇక్కడే ఉంది. హక్కు లేక కాదు, హక్కు ఉన్న రోజులు తెలియక.

అందువల్ల పేటలోని సంఘాలు, యువజన మండళ్లు, మరాఠీ చదవగల విద్యార్థులు ఈ నోటీసులను గమనించి పెద్దలకు చదివి వినిపించడం మంచి అలవాటు. 'కలమ్ 37', 'ఫేర్‌బదల్', 'హర్కతీ', 'రహివాస్ విభాగ్' అన్న నాలుగు మాటలను గుర్తుపడితే చాలు, ప్రకటన దేని గురించో తెలిసిపోతుంది. ఆపైన సర్వే నంబరు చూస్తే అది ఏ స్థలమో తెలుస్తుంది.

ఏ అభ్యంతరానికి బలం ఉంటుంది

అభ్యంతరం అంటే ఆగ్రహం కాదు. దరఖాస్తుదారు మంచివాడు కాడనీ, అతని కులం వేరనీ, పాత తగాదా ఉందనీ రాసిన ఉత్తరాలకు నగర రచనలో విలువ లేదు. పాలకమండలి తూచవలసింది వ్యక్తిని కాదు, స్థల వినియోగాన్ని. కనుక కొలిచి చూపగల విషయాలకే బలం ఎక్కువ. వీధి వెడల్పు ఎంత, ఎన్ని ఇళ్లు ఉన్నాయి, బడి లేదా ఆసుపత్రి ఎంత దూరంలో ఉంది, వానాకాలంలో మురుగు ఎక్కడ పొంగుతుంది, నీరు ఎన్ని రోజులకొకసారి వస్తుంది, వాహనాలు నిలపడానికి స్థలం ఉందా, అగ్నిమాపక వాహనం తిరగగలదా మొదలైన వివరాలు ఒక పేజీలో రాసి, రెండు మూడు ఛాయాచిత్రాలు జతచేస్తే దానిని పక్కన పెట్టడం కష్టం.

మరొక ప్రశ్న కూడా పాలకమండలి తప్పక ఆలోచించవలసినది. ఒక్క స్థలానికి రంగు మార్చితే, అదే వీధిలోని రెండవ యజమాని, మూడవ యజమాని వచ్చి అదే కోరితే కాదనడానికి కారణం ఏముంటుంది? ఒకరికి ఇచ్చిన మినహాయింపు క్రమంగా వీధి స్వభావాన్నే మార్చివేయవచ్చు. మార్పు వలన కలిగే ప్రయోజనం ఒక్క దరఖాస్తుదారుకేనా, ప్రాంతానికి కూడానా అన్నది ఇక్కడ గీటురాయి.

ఈ సందర్భంలో బెంగళూరు అనుభవం గుర్తుంచుకోదగినది. అక్కడి రాజమహల్ విలాస్ విస్తరణ ప్రాంతంలో ఉద్యానవనానికి కేటాయించిన స్థలాన్ని ఆసుపత్రి కోసం ఒక ప్రైవేటు ట్రస్టుకు ఇచ్చారు. నివాసులు న్యాయస్థానానికి వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదన్న హైకోర్టు తీర్పును సమర్థించింది. ఆసుపత్రి మంచి పనే కావచ్చు, కాని ప్రజలందరి కోసం ఉంచిన ఖాళీ స్థలాన్ని ప్రైవేటు సంస్థకు మళ్లించడం ప్రణాళికకే విరుద్ధమని ఆ తీర్పు సారాంశం. దానిని ప్రశ్నించే హక్కు ఆ ప్రాంత నివాసులకు ఉందని కూడా న్యాయస్థానం గుర్తించింది. ఆ కేసు వేరే రాష్ట్ర చట్టం కింద నడిచినదైనా, అందులోని సూత్రం అన్ని నగరాలకూ దారి చూపుతుంది.

'సూచనా' అన్న మాటనూ మరచిపోరాదు. పూర్తిగా వద్దనడం ఒక్కటే మార్గం కాదు. వాహనాలు లోపలే నిలపాలి, ప్రవేశం పెద్ద రోడ్డువైపు ఉండాలి, మురుగుకు వేరే గొట్టం వేయాలి అన్న షరతులను సూచించవచ్చు. ప్రభుత్వం షరతులతో ఆమోదించగలదు గనుక ఇటువంటి సూచనలు తరచు యజమానికీ ఇరుగుపొరుగుకీ మధ్య దారి చూపుతాయి. మార్పును సమర్థించేవారు కూడా తమ కారణాలను లిఖితపూర్వకంగా ఇవ్వవచ్చు. తన దరఖాస్తుకు ముందే వీధివారిని పిలిచి మాట్లాడిన యజమానికి విచారణ రోజున ఎదురయ్యే చిక్కులు తక్కువ.

పొరబడకూడని కొన్ని విషయాలు

రంగు మార్పు చుట్టూ కొన్ని అపోహలు బలంగా ఉన్నాయి. స్థలం కొనేవారు వాటివల్లే ఎక్కువగా నష్టపోతున్నారు.

మొదటిది, 'బిన్‌శేతీ' ఉత్తర్వు. అది భూమిని సాగేతర వినియోగానికి అనుమతించే రెవెన్యూ ఉత్తర్వు. అది చేతిలో ఉన్నంత మాత్రాన అభివృద్ధి ప్రణాళికలోని నివాస ప్రాంతం వాణిజ్య ప్రాంతంగా మారదు. రెవెన్యూ దస్త్రం వేరు, నగర రచనా పటం వేరు.

రెండవది, 'ఠరావ్ అయిపోయింది' అన్న మాట. పాలకమండలి తీర్మానం ఒక మెట్టు మాత్రమే. రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం, గెజిట్ ప్రకటన లేకుండా మార్పు పూర్తికాదు. తీర్మానం నకలు చూపి ఎక్కువ ధరకు స్థలం అమ్మజూపేవారి విషయంలో కొనుగోలుదారు జాగ్రత్త వహించాలి.

మూడవది, రంగు మారితే కట్టుకోవచ్చుననుకోవడం. నిర్మాణానికి అదే చట్టం కింద వేరుగా అనుమతి తీసుకోవాలి. వినియోగం మార్చినందుకు అభివృద్ధి రుసుము కూడా చెల్లించవలసి ఉంటుంది.

నాలుగవది, ఆస్తిపన్ను. వాణిజ్య రేటులో పన్ను కడుతున్నాం గనుక వాణిజ్య వినియోగం చట్టబద్ధమైందని కొందరు నమ్ముతారు. పన్ను వసూలు చేయడం వేరు, వినియోగానికి అనుమతి ఇవ్వడం వేరు. పన్ను రసీదు అనుమతి పత్రం కాజాలదు.

ఐదవది, ప్రజావసరానికి కేటాయించిన స్థలం. ప్రణాళిక అమలులోకి వచ్చి 10 ఏళ్లు గడిచినా సంస్థ భూమిని సేకరించకపోతే యజమాని 127వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వవచ్చు. ఆ తరువాత 24 నెలల్లోనూ సేకరణ జరగక, అందుకు చట్టప్రకారం చర్యలు మొదలుకాకపోతే ఆ కేటాయింపు రద్దవుతుంది. ఇది 37వ సెక్షన్ మార్పుకు భిన్నమైన దారి. రెండింటినీ కలిపి చూడరాదు.

పౌరులు చేయగలిగినది

స్థలం కొనే ముందు, పక్క స్థలం గురించి సందేహం కలిగినప్పుడు, నగర రచనా విభాగంలో దరఖాస్తు పెట్టి 'ఝోన్ దాఖలా', 'భాగ్ నకాశా' తీసుకోవడం ఉత్తమం. మొదటిది స్థలం ఏ విభాగంలో ఉందో చెప్పే ధ్రువపత్రం. రెండవది ప్రణాళికా పటంలో ఆ భాగపు నకలు. మధ్యవర్తి నోటిమాట కన్నా ఈ రెండు కాగితాలు నమ్మదగినవి.

అభ్యంతరం రాసేటప్పుడు నోటీసు సంఖ్య, తేదీ, సర్వే నంబరు, రాసేవారి పేరు, చిరునామా, కారణాలు స్పష్టంగా ఉండాలి. విచారణకు హాజరై మాట్లాడాలని కోరుతున్నట్లు అందులోనే రాయడం మంచిది. కార్యాలయ వ్యవహారం మరాఠీలో సాగుతుంది గనుక మరాఠీ తెలిసినవారి సహాయంతో రాయించుకుంటే పని సులభమవుతుంది. నలభై ఇళ్లవారు ఒకే ఉత్తరం మీద సంతకాలు చేయడంతో పాటు, ప్రత్యేక ఇబ్బంది ఉన్నవారు విడిగా కూడా రాయాలి. ఉత్తరాన్ని 'ఆవక్-జావక్' విభాగంలో ఇచ్చి, నకలుపై ముద్రతో, ఆవక్ సంఖ్యతో 'పోచ్' తీసుకోవాలి. ముద్ర లేని ఉత్తరం ఇచ్చినట్టు రుజువు చేయడం కష్టం. దస్త్రం ఏ దశలో ఉందో తెలియకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వవలసి ఉంటుంది.

ఉదాహరణలోని వీధిలో తుది నిర్ణయం ఎటైనా ఉండవచ్చు. మండపం రాకపోవచ్చు, షరతులతో రావచ్చు, లేదా ఆ స్థలంలో నియమాలు ఇప్పటికే అనుమతించే చిన్న దుకాణాలతో యజమాని తృప్తిపడవచ్చు. ఏది జరిగినా ఆ నిర్ణయం తీసుకునే బల్లమీద యజమాని దరఖాస్తుతో పాటు ఎదురింటి ఇల్లాలి ఉత్తరం కూడా ఉండటమే ముఖ్యం. వీధి వెడల్పు ఎంతో కొలబద్ద చెబుతుంది. ఆ వీధిలో బతుకు ఎలా ఉంటుందో మాత్రం అక్కడ ఉన్నవారే చెప్పగలరు. చెప్పడానికి చట్టం ఇచ్చిన గడువు ఒక నెల.